ఊపిరిపై నిలిపిన చూపు – డాక్టర్ ఎడ్వర్డ్ లౌరీ

శస్త్రచికిత్స అనగానే మనకు ముందుగా స్ఫురించేది కత్తి. కాని కత్తి చేతబట్టక పూర్వం జరుగవలసిన పని చాలా ఉంది. ఈ సంగతి మన ప్రాచీనులకు బాగుగా తెలుసు. సుశ్రుతుడు తన సంహితలో శస్త్రకర్మకు ముందు సమకూర్చుకోవలసిన సామగ్రిని గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే రచించాడు. శస్త్రాలు, నిప్పు, దూది, నేయి, తేనె, చన్నీరు, వేన్నీరు, విసనకర్ర మొదలైనవన్నీ సిద్ధపరచుకోవాలనీ, రోగిపై ప్రేమ, మనసులో నిబ్బరం, దేహంలో బలం గల పరిచారకులు దగ్గర ఉండాలనీ ఆయన విధించాడు. రోగికి లఘువైన ఆహారం పెట్టి, తూర్పుముఖంగా కూర్చుండబెట్టి, వైద్యుడు పడమటిముఖంగా ఉండి పని ఆరంభించాలట. బాధను ఓర్వలేనివారికి మద్యం తాగించే పద్ధతి కూడా అందులో ఉంది. అయితే మద్యం బాధను కొంత మరపించగలదు గాని పూర్తిగా పోగొట్టలేదు. మనిషి దేహాన్ని కోస్తున్నా అతనికి తెలియకుండా ఉండే ఉపాయం ప్రపంచానికి లభించడానికి పందొమ్మిదవ శతాబ్దం నడుమ వరకు ఆగవలసి వచ్చింది. ఆ ఉపాయం లభించిన తరువాత దాని చుట్టూ రేగిన ఒక గొప్ప వివాదానికి హైదరాబాదు నగరం వేదికయింది. ఆ వివాదానికి కేంద్రబిందువైన శస్త్రవైద్యుడు ఎడ్వర్డ్ లౌరీ.

లౌరీ 1846లో జన్మించాడు. ఆ సంవత్సరమే అక్టోబరు 16వ తేదీన అమెరికాలోని బోస్టన్ నగరంలో మోర్టన్ అనే దంతవైద్యుడు ఈథర్ ఆవిరిని పీల్పించి ఒక రోగికి నొప్పి తెలియకుండా శస్త్రచికిత్స జరిపించి చూపాడు. అంతకు మునుపు ఐరోపాలోని గొప్ప ఆసుపత్రులలో సైతం శస్త్రచికిత్స బల్ల అంటే ఒక మోటు కొయ్యబల్ల. దానిమీద ఒక కంబళి పరచేవారు. కారిన రక్తం ఇంకడానికి కింద రంపపుపొట్టు పోసిన పెట్టె ఉంచేవారు. రోగి కదలకుండా బలవంతులైన నలుగురైదుగురు అదిమి పట్టుకొనేవారు. శస్త్రవైద్యుని నేర్పును వేగంతో కొలిచేవారు. రెండు మూడు నిమిషాలలో కాలు తీసివేయగలవాడు మేటి అనిపించుకొనేవాడు. ఈథర్ వచ్చిన మరుసటి ఏడాది, 1847 నవంబరు 4వ తేదీ రాత్రి, ఎడింబరో నగరంలో జేమ్స్ యంగ్ సింప్సన్ తన మిత్రులతో కలిసి క్లోరోఫారం పీల్చి దాని మత్తును స్వయంగా పరీక్షించాడు. ఈథరు కన్న ఇది వాసనకు ఇంపైనది, త్వరగా పనిచేస్తుంది, కొద్దిపాటి చాలు. కొద్ది వారాలలోనే అది దేశదేశాలకు పాకింది.

ఆ సంతోషం ఎంతోకాలం నిలువలేదు. 1848 జనవరి 28వ తేదీన ఇంగ్లండులో న్యూకాజిల్ సమీపాన హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ బాలిక కాలి వేలిగోరు తీయించుకోవడానికి క్లోరోఫారం పీల్చి, రెండు మూడు నిమిషాలలోనే ప్రాణం విడిచింది. ప్రాణాంతకమైన వ్యాధి కాదు, పెద్ద కోత కాదు, ఒక గోరు! ఆ మరణం వైద్యలోకాన్ని నిలువునా కదిలించింది. మత్తులో ఉన్న మనిషిలో ముందుగా ఆగేది ఊపిరా, గుండెయా అన్న ప్రశ్న అక్కడి నుండి మొదలయింది. లండన్ వైద్యులలో ఎక్కువమంది గుండె ఆగడమే కారణమన్నారు. కాబట్టి మత్తు ఇచ్చేవాడు నాడిపై వేలు ఉంచి కూర్చోవాలని వారి మతం. ఎడింబరో వైద్యులు అందుకు ఒప్పుకోలేదు. అక్కడి శస్త్రవైద్యాచార్యుడు జేమ్స్ సైమ్, నాడిని చూస్తూ కూర్చుంటే ఊపిరి సంగతి మరచిపోతారని, చూడవలసినది ఊపిరినేనని బోధించేవాడు. ఆ సైమ్ వద్ద విద్య అభ్యసించినవాడు లౌరీ. గురువు నోట విన్న ఆ ఒక్క సూత్రాన్ని ఆయన జీవితాంతం విడిచిపెట్టలేదు. ఆయన బలమంతా అందులో ఉంది. బలహీనత కూడా అందులోనే ఉంది.

చదువు ముగిసిన పిదప లౌరీ భారతీయ వైద్యసేవలో చేరి మన దేశానికి వచ్చాడు. కొంతకాలం లాహోరు వైద్యపాఠశాలలో శస్త్రచికిత్స బోధించాడు. 1885లో హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్‌గా నియమితుడయ్యాడు. నిజాం ప్రభుత్వ వైద్యపాఠశాలకు అధ్యక్షత, మూసీనది ఒడ్డున ఉన్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి పర్యవేక్షణ ఆయన చేతికి వచ్చాయి. 1846లో ఏర్పడిన ఆ పాఠశాలలో అంతవరకు ఉర్దూ భాషలో వైద్యం బోధించేవారు. లౌరీ కాలంలో ఆంగ్ల మాధ్యమం వచ్చింది. స్త్రీలకు కూడా వైద్యవిద్యలో ప్రవేశం లభించింది. ఈ రెండవ మార్పు ఫలితం ఎంత దూరం వెళ్ళిందో ముందు చూడగలం.

అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో లౌరీ శస్త్రచికిత్సకు బల్లను, రోగిని సిద్ధపరచే విధానం కట్టుదిట్టమైనది. రోగి వెల్లకిలా, తలా దేహమూ ఒకే మట్టంలో ఉండేటట్లు బల్లపై పడుకోవాలి. కూర్చుండబెట్టి మత్తు ఇవ్వడం ఆయనకు పనికిరాదు. చివరకు పన్ను పీకవలసి వచ్చినా అంతే. మెడకు, రొమ్ముకు, పొట్టకు బిగుతుగా ఉన్న వస్త్రం ఏదీ ఉండరాదు. ధోవతి ముడి కాని, నడికట్టు కాని, రవిక కాని బిగువుగా ఉంటే వదులు చేయవలసిందే. రోగి పెనుగులాడినా సరే, చుట్టూ ఉన్నవారెవ్వరూ అతని రొమ్ముపైన గాని పొట్టపైన గాని చేయి వేసి అదమరాదు. తప్పనిసరి అయితే కాళ్ళనో భుజాలనో పట్టుకోవాలి. పూర్వం బల్లచుట్టూ నలుగురు చేరి మనిషిని తొక్కిపట్టే ఆచారం ఎంత లోతుగా పాతుకొని ఉన్నదో తెలిస్తే గాని ఈ నియమం విలువ మనకు తెలియదు. ఆ నలుగురి బరువు కింద రొమ్ము లేవదు. రొమ్ము లేవకపోతే ఊపిరి ఆడదు.

క్లోరోఫారం ఇవ్వడానికి ఆయన ఖరీదైన యంత్రాలేవీ వాడలేదు. గరాటు ఆకారంలో చుట్టిన ఒక టోపీ, దాని కొనలో కొంచెం దూది, అంతే. దానిని మొదట్లోనే ముఖానికి దగ్గరగా అదిమిపెట్టరాదు. ఉక్కిరిబిక్కిరి అయినవాడు భయపడతాడు, ఊపిరి బిగబడతాడు, పెనుగులాడతాడు. బిగబట్టినవాడు చివరకు ఒక్కసారిగా గుండెలనిండా గాలి పీలుస్తాడు. ఆ ఒక్క పీల్పులో మోతాదుకు మించిన మందు లోపలికి పోతుంది. ఏడ్చే పసిపిల్లల విషయంలో మరీ జాగ్రత్త అవసరమని ఆయన హెచ్చరించేవాడు. కంటి నల్లగుడ్డును మెల్లగా తాకినప్పుడు రెప్ప కదలకపోతే మత్తు చాలినట్లే. ఆపైన టోపీ తీసివేయాలి. శ్వాసలో గురక వినిపించినా, అడ్డంకి తోచినా వెంటనే కింది దవడను ముందుకు లాగాలి, నాలుక వెనుకకు పడకుండా చూడాలి, అవసరమైతే కృత్రిమశ్వాస కల్పించాలి. అన్నింటికన్న ముఖ్యమైనది, మత్తు ఇచ్చే వ్యక్తి కోతవైపు చూడరాదు. ఎంత అపురూపమైన శస్త్రచికిత్స జరుగుతున్నా అతని చూపు రోగి ఊపిరిమీదనే ఉండాలి. నేర్చుకొనే విద్యార్థికి శస్త్రవైద్యుని చేతుల వైపు చూడాలని ఎంత కుతూహలం ఉంటుందో ఊహించండి! ఆ కుతూహలాన్ని అణచుకోవడమే మొదటి పాఠం.

ఈ పద్ధతిలో లౌరీ, ఆయన శిష్యులు వేలాది రోగులకు క్లోరోఫారం ఇచ్చారు. దానివల్ల మరణం సంభవించలేదని ఆయన ధైర్యంగా ప్రకటించాడు. నాడిని చూడనవసరం లేదు, ఊపిరిని చూచుకొంటే గుండె తనను తానే చూచుకొంటుంది అన్నది ఆయన సిద్ధాంతం. లండన్ వైద్యులు దీనిని నమ్మలేదు. తన మాటను ప్రయోగపూర్వకంగా రుజువు చేయదలచి, 1888లో నిజాం ప్రభుత్వ సహాయంతో లౌరీ ఒక పరిశోధక సంఘాన్ని ఏర్పాటు చేయించాడు. అదే మొదటి హైదరాబాదు క్లోరోఫారం కమిషన్. కుక్కలపై జరిపిన ప్రయోగాలలో ప్రతిసారీ శ్వాసే ముందు ఆగిందని, గుండె ఆ తరువాతనే ఆగిందని ఆ సంఘం తేల్చింది. లండన్‌లోని సుప్రసిద్ధ వైద్యపత్రిక లాన్సెట్ ఈ నిర్ణయాన్ని అంగీకరించలేదు.

అప్పుడు హైదరాబాదు చేసిన పని ఆశ్చర్యం కలిగిస్తుంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చి, తమకు నమ్మకమున్న శాస్త్రజ్ఞుని ఎవరినైనా పంపి స్వయంగా పరీక్షింపజేసుకొనవలసినదిగా ఆ పత్రికనే ఆహ్వానించాడు. పత్రికవారు ఎంచుకొన్న వ్యక్తి సామాన్యుడు కాడు. ఆయన సర్ బిరుదాంకితుడు కాబోయే డాక్టర్ లాడర్ బ్రంటన్, గుండెనొప్పికి అమైల్ నైట్రైట్ అనే ఔషధాన్ని 1867లోనే ప్రచారానికి తెచ్చిన ఔషధశాస్త్రవేత్త. పైగా క్లోరోఫారం గుండెను దెబ్బతీస్తుందని నమ్మినవారిలో ఆయన ఒకడు. ప్రతిపక్షాన్నే న్యాయమూర్తిగా పిలిచి కూర్చుండబెట్టిన ధీమా లౌరీది.

1889 అక్టోబరులో బ్రంటన్ హైదరాబాదు చేరాడు. లౌరీ అధ్యక్షతన, బ్రంటన్, బామ్‌ఫర్డ్, రుస్తుంజీ అనే వైద్యులు సభ్యులుగా రెండవ కమిషన్ పని సాగించింది. మసిపూసిన కాగితాన్ని తిరిగే స్థూపానికి చుట్టి, దానిపై రక్తపోటు ఎగుడుదిగుళ్ళను ఒక సన్నని మొన గీతలుగా గీసే యంత్రాన్ని అక్కడ ఏర్పాటు చేశారు. కుక్కలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్ళు, గుర్రాలు కలిపి నాలుగు వందలకు పైగా జంతువులు ఆ ప్రయోగాలకు బలి అయ్యాయి. మనుషుల ప్రాణరక్షణ కోసం జరిగిన పనే అయినా, ఆ సంఖ్య చదివినప్పుడు మనసు కలత చెందక మానదు. చివరకు బ్రంటన్ సైతం లౌరీ పక్షానికి వచ్చాడు. ఎంత మోతాదులో ఇచ్చినా శ్వాసే ముందుగా ఆగుతుందని, గుండె హఠాత్తుగా ఆగిపోవడం జరగదని కమిషన్ ప్రకటించింది. దాని నివేదిక 1890లో లాన్సెట్ పత్రికలోనే అచ్చయింది. హైదరాబాదు పేరు వైద్యప్రపంచమంతటా మారుమ్రోగింది.

లౌరీ కీర్తికి ఇది శిఖరం. అయితే ఆయన చేసిన మరొక పనిని ఇక్కడ చెప్పుకోవాలి. నా దృష్టిలో అది ఈ నివేదికకు తీసిపోనిది. ఆయన వద్ద చదివిన స్త్రీలలో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ యువతి ఒకతె. ఆడపిల్లకు అక్షరం నేర్పడమే వింతగా తోచే ఆ రోజులలో ఆమె వైద్యవిద్య పూర్తి చేసింది. గురువు నేర్పిన క్రమంలో రోగి తలవైపు నిలిచి క్లోరోఫారం ఇవ్వడంలో నిష్ణాతురాలయింది. అఫ్జల్‌గంజ్‌తో పాటు నగరంలోని ఇతర ఆసుపత్రులలోనూ ఆమె మత్తువైద్యురాలిగా పనిచేసింది. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యురాలిగా ఈనాడు ఆమెను పేర్కొంటున్నారు. 1909లో ఆమె ఎడింబరో వెళ్ళి ఉన్నతవిద్య అభ్యసించింది. గురువు చదివిన నగరానికి శిష్యురాలు కూడా చేరిందన్నమాట. పురుషులు తాకితే సహించని అంతఃపురస్త్రీలకు, భయంతో వణికే పసిపిల్లలకు, బల్లపై పడుకొన్నప్పుడు తలవైపు ఒక స్త్రీ నిలబడి ఉండడం ఎంత ఊరట!

ఇక వివాదం సంగతి. నివేదిక వెలువడినా క్లోరోఫారం మరణాలు ఆగలేదు. నాడి హఠాత్తుగా ఆగి, ఆ తరువాత కూడా రెండు మూడు ఊపిరులు తీసి చనిపోయిన రోగులను వైద్యులు కళ్ళారా చూస్తూనే ఉన్నారు. ఇంగ్లండులో పలువురు శాస్త్రజ్ఞులు వేరు ప్రయోగాలు చేసి గుండెపై క్లోరోఫారం నేరుగా ప్రభావం చూపుతుందని నిరూపించసాగారు. లౌరీ వారితో వాదించాడు గాని తన మాటను సవరించుకోలేదు. అటువంటి మరణం జరిగితే మత్తు ఇచ్చినవాడు ఊపిరిని సరిగా కనిపెట్టలేదనే ఆయన సమాధానం. ఈ సమాధానంలో ఒక ప్రమాదముంది. తప్పు ఎప్పుడూ మనిషిదే అయినప్పుడు సిద్ధాంతం ఎన్నటికీ ఓడిపోదు! మలేరియా విషయంలోనూ ఆయన ధోరణి ఇటువంటిదే. లావెరాన్ కనుగొన్న మలేరియా పరాన్నజీవిని ఆయన నమ్మలేదు. ఆయన పనిచేస్తున్న నగరానికి కూతవేటు దూరంలో, సికింద్రాబాదులో, 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో ఆ జీవినే గుర్తించాడు.

1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు అసలు రహస్యాన్ని బయటపెట్టాడు. పిల్లులపై చేసిన ప్రయోగాలలో ఆయన గమనించినది ఇది. క్లోరోఫారం లోతుగా, ఎక్కువ మోతాదులో ఇచ్చినప్పుడు నిజంగానే శ్వాస ముందుగా ఆగుతుంది. హైదరాబాదు ప్రయోగాలు చూపినది దీనినే. కాని మత్తు పైపైన ఉన్నప్పుడు, జీవి బెదిరిపోయి దేహంలో అడ్రినలిన్ పెరిగినప్పుడు, గుండె కొట్టుకోవడం మాని అదిరి ఆగిపోగలదు. ఆ స్థితిలో నాడి ఒక్క క్షణంలో పోతుంది, ఊపిరి కొంచెంసేపు మిగిలి ఉంటుంది. అరవై మూడేళ్ళ కిందట వేలిగోరు కోసం కుర్చీలో కూర్చున్న హానా గ్రీనర్ పొందినది ఇటువంటి మరణమే కావచ్చునని పలువురు పండితుల భావన. ఆమె చాలా భయపడి ఉంది. ఇచ్చిన మత్తు కూడా కొద్దిపాటిదే.

అంటే లౌరీ సిద్ధాంతం సగం సత్యం. అయినా ఆయన బల్లపై మరణాలు ఎందుకు అంత తక్కువయ్యాయి? ఆయన నియమాలను మరల ఒకసారి చూస్తే కారణం ఊహించవచ్చు. రోగిని బెదరగొట్టరాదు. ఉక్కిరిబిక్కిరి చేయరాదు. అదిమి పట్టరాదు. మత్తు పూర్తిగా పట్టేవరకు కత్తి తాకించరాదు. ఇవన్నీ ఊపిరి కోసమని ఆయన పెట్టుకొన్న కట్టుబాట్లు. ఆయనకు తెలియకుండానే అవి గుండెను కూడా కాపాడి ఉంటాయి. సిద్ధాంతం కన్న ఆచరణ మేలుగా ఉన్న సందర్భాలు శాస్త్రచరిత్రలో అక్కడక్కడ కనిపిస్తాయి. దీనికి విపర్యయంగా, ఆ నివేదికను చదివి నాడిని పూర్తిగా విస్మరించినవారి చేతిలో పోయిన ప్రాణాలు కూడా ఉండకపోవు. ఆ లెక్క ఏ నివేదికలోను లేదు.

ఈ రోజు మా చోడవరం ప్రాంతంలో బుచ్చయ్యపేట వంటి ఊళ్ళ నుండి విశాఖపట్నం ఆసుపత్రికి శస్త్రచికిత్సకు వెళ్ళేవారు కోతకు జంకరు గాని మత్తుకు జంకుతారు. మళ్ళీ మెలకువ వస్తుందా అన్నదే వారి భయం. ఆ భయం హానా గ్రీనర్ నాటిదే. ఇప్పటి శస్త్రచికిత్స బల్ల ఇనుముతో చేసినది. తల పక్కకు గాని కాళ్ళ పక్కకు గాని వంచవచ్చు, ఎత్తు పెంచవచ్చు, తగ్గించవచ్చు. ప్రతి రోగికీ ముందు దానిని క్రిమినాశకద్రవంతో తుడుస్తారు. చక్రాలు కదలకుండా బిగిస్తారు. మోచేతుల కింద, మడమల కింద మెత్తలు పెడతారు, ఎందుకంటే మత్తులో ఉన్నవాడు ఇక్కడ ఒత్తుకొంటున్నదని చెప్పలేడు. వేలికి తగిలించిన చిన్న పరికరం నాడిని, రక్తంలోని ప్రాణవాయువును ఏకకాలంలో చూపుతుంది. లండన్ మతం, ఎడింబరో మతం రెండూ ఆ ఒక్క వేలికొసన కలిశాయి. క్లోరోఫారం మాత్రం ఇరవయ్యవ శతాబ్దం నడుమకు వచ్చేసరికి శస్త్రచికిత్సాలయాల నుండి క్రమంగా నిష్క్రమించింది.

లౌరీ 1901లో హైదరాబాదు విడిచి వెళ్ళాడు. ఆ సంవత్సరమే విద్యార్థుల కోసం, వైద్యుల కోసం క్లోరోఫారంపై ఒక గ్రంథం ప్రకటించాడు. అందులోనూ తన పూర్వాభిప్రాయాన్నే స్థిరపరిచాడు. లెవీ పరిశోధన వెలువడిన నాలుగేళ్ళకు, 1915లో, ఆయన మరణించాడు. ఆయన పనిచేసిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1908 సెప్టెంబరు 28వ తేదీన వచ్చిన మూసీ వరదలో కొట్టుకుపోయింది. తరువాత ఏడవ నిజాం కాలంలో ఆ నది ఒడ్డునే ఉస్మానియా ఆసుపత్రి వెలిసింది. రూపాబాయి గురువు వెళ్ళిన తరువాత కూడా చాలాకాలం నగరంలోనే వైద్యసేవ సాగించి, 1920లో చాదర్‌ఘాట్ ఆసుపత్రి పర్యవేక్షకురాలిగా పదవీవిరమణ చేసింది.